ఆమె మాట చాలనే కాగితం

అమెరికాలో పేదవాళ్ళ ఇంటి అద్దెలో ప్రభుత్వం కొంత భరిస్తుందని చెబితే ఇండియాలో మా చుట్టాలు ఇప్పటికీ నమ్మరు. "అక్కడ కూడా పేదవాళ్ళుంటారా?" అని మా పిన్ని ఒకసారి ఫోన్లో అడిగింది. ఉంటారు పిన్నీ. వాళ్ళలో మన తెలుగువాళ్ళూ ఉంటారు. కొడుకింట్లో ఇమడలేక వృద్ధుల అపార్ట్‌మెంట్లలో ఒంటరిగా కాలం వెళ్ళబుచ్చే మామ్మలు, గ్యాస్ స్టేషన్లోనో మోటెల్లోనో పనిచేసే కుటుంబాలు, ఉద్యోగం పోయి దాచుకున్నదంతా కరిగిపోయిన ఇళ్ళు. మన సంఘాల మహాసభల సావనీర్లలో వీళ్ళ ఫొటోలు రావు, అంతే.

న్యూజెర్సీలో దక్షిణాసియా స్త్రీల కోసం పనిచేసే ఒక సంస్థలో నేను వాలంటీరుని. నా పని పెద్దదేం కాదు. తెలుగు ఆడవాళ్ళు వచ్చినప్పుడు పక్కన కూర్చుని, వాళ్ళకి వచ్చిన ఉత్తరాలు చదివి చెప్పడం, ఫారాలు నింపించడం. వకీళ్ళు వేరే ఉంటారు, కౌన్సెలర్లు వేరే ఉంటారు. చట్టాల గురించి నేను నేర్చుకున్నదంతా ఆ ఫారాల మీదుగా నేర్చుకున్నదే. అందులో ఒకటి మాత్రం నా మనసులో బాగా నాటుకుపోయింది, అది రాద్దామని కూర్చున్నాను. ఇందులో వచ్చే మనిషిని ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను.

దెబ్బలు తిన్న మనిషి మొదట దెబ్బల గురించే మాట్లాడుతుందని ఎవరైనా అనుకుంటారు. కానీ ఆమె నోట్లోంచి ముందు వచ్చేది ఇంటి మాట.

ఒకరోజు ఒక అమ్మాయి తెచ్చిన ఉత్తరం అపార్ట్‌మెంట్ ఆఫీసు నుంచి వచ్చింది. ఫలానా రాత్రి మీ యూనిట్లో పెద్దగా గొడవ జరిగింది, పోలీసులు వచ్చారు, ఇది లీజు షరతులకు విరుద్ధం, మళ్ళీ జరిగితే లీజు రద్దు చేస్తాం అని దాని సారాంశం. ఆ గొడవ ఆమెను భర్త కొట్టడం. పోలీసులకు ఫోన్ చేసింది పక్కింటివాళ్ళు. బుగ్గ మీద ఇంకా వాపు ఉంది. దాని ఊసే ఎత్తకుండా, "అక్కా, ఖాళీ చేయమంటారా? అది చెప్పు ముందు" అంది. నేను డాక్టర్ దగ్గరికి వెళ్ళావా అనడిగాను. "దెబ్బ మానిపోద్ది అక్కా, ఈ రేటుకి ఇల్లు మళ్ళీ దొరకదు" అంది.

ఆ మాట అర్థం కావాలంటే ఈ ఇళ్ళ సంగతి కొంచెం తెలియాలి. స్థూలంగా ఇవి మూడు రకాలు. 1937 నాటి చట్టంతో మొదలైన పబ్లిక్ హౌసింగ్ ఒకటి. ఊరి హౌసింగ్ అథారిటీయే ఇంటి ఓనరు. రెండోది అందరూ సెక్షన్ 8 అనే పథకం, 1974లో పుట్టింది. వోచర్ ఇస్తారు, ఇల్లు మనమే వెతుక్కోవాలి. ఆదాయంలో ఇంచుమించు 30 శాతం మనం కడితే, ఒక హద్దు దాకా మిగతాది హౌసింగ్ అథారిటీ ఓనరుకి కడుతుంది. మూడోది టాక్స్ క్రెడిట్ ఇళ్ళు. 1986 పన్నుల చట్టంలో వచ్చినవి. బిల్డరుకి పన్నులో రాయితీ ఇచ్చి, దానికి బదులు కొన్ని ఫ్లాట్లు తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకి తక్కువ అద్దెకు ఇప్పిస్తారు. మొదటి రెండింటికీ ఇమ్మిగ్రేషన్ స్థితి చూస్తారు, హెచ్-1, హెచ్-4 వీసాల మీద ఉన్నవాళ్ళు పనికిరారు. టాక్స్ క్రెడిట్ చట్టంలో ఆ షరతు లేదు. నా దగ్గరికి వచ్చిన తెలుగువాళ్ళలో ఎక్కువమంది ఈ మూడో రకం ఇళ్ళలో ఉన్నవాళ్ళే.

రేషన్ కార్డులాగా అర్హత ఉంటే చేతికొచ్చే సాయం కాదిది. అర్హత ఉన్న ప్రతి నాలుగు కుటుంబాల్లో దాదాపు ఒక్కదానికే ఫెడరల్ అద్దె సాయం అందుతుంది. మిగతావాళ్ళు వెయిటింగ్ లిస్టులో ఉంటారు, లేదా లిస్టు మూసేశారని బోర్డు చూసి వెనక్కి వస్తారు. కొన్నిచోట్ల లిస్టు కొద్దిరోజులు తెరిచి, వచ్చిన దరఖాస్తుల్లోంచి లాటరీ తీస్తారు. ఏళ్ళ తరబడి ఎదురుచూసి సంపాదించిన చోటు పోతే మళ్ళీ మొదటికే. పైగా కోర్టులో ఎవిక్షన్ కేసు నమోదైతే, తర్వాత ఇల్లు అడిగిన ప్రతిచోటా ఆ రికార్డు ముందు నడుస్తుంది.

"అంత కొడుతుంటే ఎందుకుంది అక్కడ?" అనే ప్రశ్న మన ఇళ్ళలో, ముఖ్యంగా బాగా స్థిరపడిన ఇళ్ళలో, చాలా తేలిగ్గా వస్తుంది. అడిగేవాళ్ళెవరూ అద్దె ఎంతని అడగరు.

ఇంకో విషయం ఉంది. ఒకప్పుడు ఈ ఇళ్ళలో దెబ్బలు తిన్నందుకే ఆడవాళ్ళను ఖాళీ చేయించేవారు. అతిశయోక్తి కాదు. 1996లో అధ్యక్షుడు క్లింటన్ పబ్లిక్ హౌసింగ్‌లో నేరాలను అణచడానికి, ఒక్క తప్పు దొరికితే చాలు బయటికే అనే విధానం ప్రకటించాడు. ఇంట్లో ఎవరు నేరం చేసినా లీజు మొత్తం పోతుంది. కాలిఫోర్నియాలో ఓక్లాండ్ హౌసింగ్ అథారిటీ, మనవలు పార్కింగ్ స్థలంలో గంజాయి తాగారని ముసలివాళ్ళ మీద కేసులు వేసింది. మాకు తెలియదు మొర్రో అని వాళ్ళు కోర్టుకెక్కారు, కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. రకర్ కేసు అంటారు. 2002 మార్చిలో ఒక్క జడ్జి కూడా విభేదించకుండా తీర్పు వచ్చింది: తెలిసినా తెలియకపోయినా ఖాళీ చేయించే అధికారం అథారిటీకి ఉంది. ఆ కేసు మత్తుమందులది. కానీ అదే తర్కం హింసకు పెట్టి చూడండి. కొట్టినవాడు ఇంటి మనిషి, కొట్టడం నేరం, కాబట్టి ఆ ఇంట్లోవాళ్ళంతా బయటికి. దెబ్బలు తిన్న మనిషి కూడా ఆ "అంతా"లోనే ఉంది.

ఒరెగాన్ రాష్ట్రంలో సముద్రం ఒడ్డున సీసైడ్ అనే చిన్న ఊళ్ళో సరిగ్గా ఇదే జరిగింది. టిఫనీ అల్వెరా అనే ఆమె ప్రభుత్వ సాయం ఉన్న అపార్ట్‌మెంట్‌లో భర్తతో ఉండేది. 1999 ఆగస్టు 2న అతను కొట్టాడు, పోలీసులు అరెస్టు చేశారు. ఆమె ఆసుపత్రికి వెళ్ళింది, అదే రోజు కోర్టు నుంచి రక్షణ ఉత్తర్వు తెచ్చుకుంది, దాన్ని అపార్ట్‌మెంట్ మేనేజర్‌కి ఇచ్చింది. ఇంతకన్నా పద్ధతిగా ఎవరైనా ఏం చేయగలరు? రెండు రోజుల తర్వాత ఆమెకు ఖాళీ చేయమని 24 గంటల నోటీసు వచ్చింది. అద్దెదారు గానీ, ఆమె అదుపులో ఉన్నవాళ్ళు గానీ ఎవరినైనా గాయపరిస్తే ఖాళీ చేయాలన్న నిబంధన చూపించారు. గాయపడింది ఆమే. గాయపరిచిన మొగుడు ఆమె "అదుపులో" ఉన్నాడట! ఈ తర్కం రాసిన మనిషిని ఒకసారి చూడాలని నాకు చాలాసార్లు అనిపించింది.

అల్వెరా ఊరుకోలేదు. కేంద్రంలో గృహవ్యవహారాలు చూసే హడ్ శాఖకు ఫిర్యాదు చేసింది. ఇలాంటి దెబ్బలు తినేవాళ్ళలో అత్యధికులు ఆడవాళ్ళే కాబట్టి, అందరినీ సమానంగా గెంటేస్తాం అనే నియమం నిజానికి ఆడవాళ్ళ మీదే పడుతుందనీ, అది లింగ వివక్షేననీ 2001లో హడ్ తేల్చింది. ఆ ఏడాది చివర్లో కేసు రాజీతో ముగిసింది, కంపెనీ తన విధానం మార్చుకోవలసి వచ్చింది. ఆ తర్వాతే చట్టం కదిలింది.

ఆ చట్టం పేరు స్త్రీలపై హింస నిరోధక చట్టం. ఇంగ్లీషు పొడి అక్షరాలు కలిపి ఇక్కడందరూ "వావా" అంటారు. పేరులో స్త్రీలున్నా మగవాళ్ళకీ వర్తిస్తుంది. సెనేటర్‌గా బైడెన్ పట్టుబట్టి తెచ్చిన 1994 నాటి చట్టమిది. అద్దె ఇళ్ళ రక్షణ మాత్రం 2005 సవరణలో వచ్చింది, అది కూడా పబ్లిక్ హౌసింగ్‌కి, సెక్షన్ 8కి. 2013లో టాక్స్ క్రెడిట్ ఇళ్ళు, వృద్ధుల ఇళ్ళు, పల్లెల్లో వ్యవసాయ శాఖ సాయంతో నడిచే ఇళ్ళు చేరాయి. చట్టం చెప్పేది సూటిగా ఉంటుంది. హింసకు గురైనందుకు ఇల్లు ఇవ్వనని అనకూడదు. ఉన్న ఇల్లు తీసేయకూడదు. తన మీద జరిగిన హింసను ఆ మనిషి చేసిన లీజు ఉల్లంఘనగా లెక్కెయ్యకూడదు. ఆమె ఉండటం వల్ల మిగతావాళ్ళకి నిజమైన ప్రాణాపాయం ఉండి, ఇంకే దారీ లేనప్పుడు మాత్రమే మినహాయింపు. కొట్టినవాడి పేరు లీజులోంచి తీసేసి, మిగతావాళ్ళను ఉంచే వీలు ఓనరుకి ఉంది. హడ్ పథకాల్లో, వెళ్ళినవాడి పేరు మీదే సాయం వస్తుంటే, మిగిలినవాళ్ళు తమ అర్హత చూపించుకోవడానికి గానీ ఇంకో ఇల్లు చూసుకోవడానికి గానీ 90 రోజులు గడువుంటుంది.

ఇవన్నీ ఆ అమ్మాయికి చెప్పాను. వింది. "మరి నన్ను కొట్టాడని వాళ్ళకెట్టా తెలుస్తది? సాక్షులెవరూ లేరుగా" అంది.

అప్పుడు బయటికి తీశాను ఆ ఫారం. హడ్-5382 దాని నంబరు. నేను చూసిన ప్రభుత్వ కాగితాల్లో దీనంత మర్యాదగల కాగితం ఇంకోటి లేదు. ఓనరు రుజువు కావాలంటే రాతపూర్వకంగా అడగాలి. అడిగిన నాటి నుంచి 14 పని దినాల్లో జవాబివ్వాలి. ఏ రుజువు ఇవ్వాలో ఎంచుకునేది ఆమే: పోలీసు రిపోర్టు ఇవ్వచ్చు, కోర్టు కాగితం ఇవ్వచ్చు, డాక్టరో వకీలో సాయసంస్థ మనిషో సంతకం పెట్టిన పత్రం ఇవ్వచ్చు, లేదా ఈ ఫారం నింపి తనే సంతకం పెట్టచ్చు. ఈ చివరిది చాలు. ఇంకేదైనా తెమ్మని అడగడానికి మామూలుగా వీల్లేదు. ఫారంలో కొట్టినవాడి పేరు రాయడానికి ఒక గడి ఉంటుంది. దాని పక్కనే చిన్న మాట: తెలిస్తే, చెప్పడం క్షేమమైతేనే. ఆ రోజు నా దగ్గరున్న కాపీలో కింద కొన్ని గీతలుండేవి, ఏం జరిగిందో క్లుప్తంగా మీ మాటల్లో రాయండి అని.

అబద్ధం రాస్తే ఇంటికే ముప్పని ఆ ఫారమే హెచ్చరించింది. భార్యాభర్తలిద్దరూ ఎదుటివాళ్ళే కొట్టారని రాసిస్తే మాత్రం ఓనరు బయటి రుజువు అడగచ్చు. తెలివైన మొగుళ్ళు ఆ దారి తొక్కుతారు కూడా. అయినా మొదటి మెట్టు మీద నిలబడటానికి ఆమె మాట ఒక్కటే సరిపోతుంది.

"ఇంతేనా? ఎవరి సంతకమూ అక్కర్లేదా?" అని ఆమె రెండుసార్లు అడిగింది. నీ సంతకమే అమ్మా అన్నాను. చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చుంది. ఎందుకో నాకు తెలుసు. ముందురోజు ఊరికి ఫోన్ చేస్తే వాళ్ళ మేనమామ అడిగిన మొదటి మాట, "నువ్వేమన్నావ్ ముందు?" అని. మన పెద్దమనుషుల పంచాయితీలు ఎన్నో చూశాను నేను, మా ఊరి రచ్చబండ దగ్గర్నుంచి ఇక్కడ ఎడిసన్లో లివింగ్ రూముల దాకా. సోఫాలు మారాయి గానీ అడిగే ప్రశ్నలు మారలేదు. ఎవరు చూశారు? అతను తాగి ఉన్నాడా? కోపంలో అన్నాడేమో? పిల్లల మొహం చూడమ్మా. ఆడదాని మాటకి పక్కన ఇంకో మాట, వీలైతే మగవాడి మాట, ఊతంగా ఉంటే గానీ నిలబడదు. ఆ కాగితం ఆ ఊతం అడగలేదు. ఆ మర్యాద ఎంత పెద్దదో, పెన్ను పట్టుకుని అలా కూర్చున్న మనిషిని చూశాకే నాకు ఎక్కింది.

గోప్యత సంగతి కూడా చెప్పాలి. ఆమె రాసిచ్చింది మామూలుగా ఎవరికీ చెప్పకూడదు, నలుగురూ చూసే డేటాబేసులో ఎక్కించకూడదు. మన సంఘం ఎంత చిన్నదో, ఫలానావాళ్ళమ్మాయి పోలీసుల దాకా వెళ్ళిందట అన్న మాట గుడి పార్కింగ్ దాటేలోపు ఎన్ని వాట్సాప్ గ్రూపులు తిరుగుతుందో తెలిసినవాళ్ళకి దీని విలువ చెప్పక్కర్లేదు.

ఇక ఆఫీసుకి వెళ్ళాం. మేనేజరు చెడ్డమనిషేం కాదు. ఫారం చూసి, "ఇది హడ్ బిల్డింగ్ కాదు, టాక్స్ క్రెడిట్. మాకు వర్తించదు" అంది. అబద్ధమాడటం లేదు, అలాగే నేర్పారు ఆవిడకి. 2013 నుంచీ చట్టంలో టాక్స్ క్రెడిట్ ఇళ్ళ పేరు స్పష్టంగా ఉంది. కానీ ఆ రాయితీలు చూసే పన్నుల శాఖ, ఐఆర్ఎస్, దీని మీద హడ్ లాగా విడిగా నిబంధనలు రాయలేదు. రాష్ట్ర ఏజెన్సీలు తమకు తోచిన పద్ధతిలో నడిపిస్తుంటాయి. చట్టానికీ కౌంటర్‌కీ మధ్య ఇలాంటి ఖాళీలుంటాయి, మనుషులు పడేది వాటిలోనే. ఉచిత న్యాయసహాయం చేసే వకీలు ఒక పేజీ ఉత్తరం రాసింది. నోటీసు వెనక్కి తీసుకున్నారు. న్యూజెర్సీ కోర్టు రక్షణ ఉత్తర్వులో, లీజు ఎవరి పేరు మీదున్నా సరే, ఆ ఇంట్లో ఉండే హక్కు బాధితురాలికి ఒక్కదానికే ఇవ్వగలదు. అదీ వచ్చింది. భర్త బట్టలు తీసుకుని వెళ్ళిపోయాడు.

ఇక్కడితో ఆపేస్తే కథ బాగుంటుంది. కానీ తర్వాతి నెల ఒకటో తారీఖు వచ్చింది.

సెక్షన్ 8 వోచర్ అయితే ఇంట్లో ఆదాయం పడిపోయిందని చెప్పుకుంటే ఆమె వంతు అద్దె తగ్గుతుంది. పబ్లిక్ హౌసింగ్‌లోనూ అంతే. టాక్స్ క్రెడిట్ ఇంట్లో అలా కాదు. అక్కడ అద్దె ఆ ప్రాంతపు మధ్యస్థ ఆదాయాన్ని బట్టి కట్టిన లెక్క. ఇంట్లో ఇద్దరు సంపాదిస్తున్నారా, ఒక్కరేనా, ఎవరూ లేరా అన్నది దానికి పట్టదు. ఆమెకు డేకేర్‌లో సగంపూట పని. చిన్నవాణ్ణి చూసుకునేవాళ్ళు లేక అది కూడా వారంలో కొన్నాళ్ళే. భర్త అద్దె కట్టాలని కోర్టు ఆదేశించగలదు, ఆదేశించింది. అతను ఆలస్యం చేశాడు, తర్వాత సగం పంపాడు, తర్వాత ఉద్యోగం మారాడు. సంస్థ ఒకటి రెండు నెలలు ఆదుకుంది. గుళ్ళో ఎవరో కొంత ఇచ్చారు. చివరికి ఆ అమ్మాయి తనంతట తానే ఇల్లు ఖాళీ చేసి, వేరే రాష్ట్రంలో పిన్ని కూతురింటి బేస్‌మెంట్లోకి వెళ్ళింది. ఎవరూ గెంటలేదు. చట్టం దృష్టిలో ఆమె కేసు గెలిచిన కేసు.

నేను నేర్చుకున్నది ఇదే. ఆ చట్టం ఆమె మాటను నమ్మింది, ఆ నమ్మకానికి విలువ కట్టలేం. కానీ నమ్మడానికి ప్రభుత్వానికి డబ్బు ఖర్చు కాదు. ఎక్కడ డబ్బు కావాలో అక్కడ చట్టం గొంతు తగ్గిపోతుంది. అత్యవసర బదిలీ అనే ఏర్పాటు చూడండి. ఇక్కడే ఉంటే మళ్ళీ కొడతాడన్న భయం ఉన్న అద్దెదారు వేరే ఇంటికి మార్చమని అడగచ్చు. అందుకు ప్రతి సంస్థా ఒక ప్రణాళిక రాసిపెట్టుకోవాలని చట్టం శాసించింది. ఖాళీ ఇల్లు చూపించాలని శాసించలేదు. ఎన్నాళ్ళలో మార్చాలో చెప్పలేదు. వేరే యాజమాన్యం ఇంటికి మారాలంటే వాళ్ళ దయ, అక్కడి వెయిటింగ్ లిస్టు. వోచర్ ఉన్నవాళ్ళు కాస్త నయం: ప్రాణభయంతో లీజు మధ్యలో ఇల్లు వదిలినా వోచర్ వెంట తీసుకెళ్ళచ్చు. న్యూజెర్సీలో వోచర్ ఉందన్న సాకుతో ఇల్లు ఇవ్వననడం చట్టవిరుద్ధమే అయినా, ఫోన్లో ఆ మాట వినగానే ఇప్పుడే ఇల్లు పోయిందండీ అనేవాళ్ళకి కొదవలేదు. వోచర్ ఆమె వెంట కదిలే హక్కు. టాక్స్ క్రెడిట్ ఇల్లు గోడలకు అతుక్కున్న హక్కు. గోడలు దాటితే చేతిలో ఏమీ ఉండదు. మనవాళ్ళు ఎక్కువగా ఉండేది ఆ గోడల మధ్యే.

అందుకని చట్టాన్ని తీసిపారేయను. లేనప్పుడు ఏం జరిగేదో అల్వెరా చెప్పింది. పెన్సిల్వేనియాలో నారిస్‌టౌన్ అనే ఊరు ఇంకొంచెం ముందుకు వెళ్ళింది. నాలుగు నెలల్లో మూడుసార్లు పోలీసులు ఒక ఇంటికి రావలసి వస్తే ఆ ఓనరు లైసెన్సు రద్దు అని ఆ ఊరి నియమం. అందుకే లకీషా బ్రిగ్స్ అనే ఆమె పోలీసులను పిలవడానికి భయపడింది. 2012లో పాత ప్రియుడు మెడలో పొడిచినప్పుడు కూడా పిలవద్దనుకుంది, పక్కింటివాళ్ళు పిలిచారు. హెలికాప్టర్లో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. తిరిగొచ్చేసరికి ఆమెను ఖాళీ చేయించమని ఓనరు మీద ఊరి ఒత్తిడి. ఆమె కోర్టుకెళ్ళింది, 2014లో ఊరు నియమం ఎత్తేసి పరిహారం కట్టింది. 2022లో వావాను మళ్ళీ పొడిగించినప్పుడు, తన ఇంట్లోంచి పోలీసులను పిలిచినందుకు అద్దెదారుని శిక్షించకూడదని ప్రత్యేకంగా రాశారు. ఈ చట్టంలో ఒక్కో వాక్యం వెనక ఇలా ఎవరో ఒకరి రక్తం ఉంది.

మన దేశంలో 2005 నాటి గృహహింస చట్టంతో దీన్ని పోల్చి చూస్తుంటాను. అందులో 17వ సెక్షన్ ఉమ్మడిగా కాపురమున్న ఇంట్లో ఉండే హక్కు ఇస్తుంది. ఇల్లు ఎవరి పేరు మీదున్నా, అద్దెదైనా సరే. 19వ సెక్షన్ కింద ఆమెను వెళ్ళగొట్టవద్దని కోర్టు ఆదేశించచ్చు, అదే స్థాయి వేరే ఇల్లు చూపించమనో అద్దె కట్టమనో అనచ్చు. అత్తమామల ఇల్లయినా ఉమ్మడి గృహమే కావచ్చని సుప్రీంకోర్టు 2020లో సతీశ్ చందర్ అహూజా కేసులో చెప్పింది. మన చట్టం మొగుణ్ణీ అతని వైపువాళ్ళనీ బోనులో నిలబెడుతుంది. ఓనరుతో మాట్లాడదు. రాత్రి గొడవ విని పొద్దున్నే "మాకిలాంటివి పడవు, నెలాఖరుకి చూసుకోండి" అనే ఇంటాయనతో ఏం చెప్పాలో దానికి తెలియదు. అమెరికా చట్టం ఓనరుని పట్టుకుంది, ప్రభుత్వ సాయం ఉన్న ఇళ్ళ వరకే అయినా. తెలంగాణలో డబుల్ బెడ్‌రూం ఇళ్ళు, ఆంధ్రలో ఇళ్ళ పట్టాలు ఆడవాళ్ళ పేరున ఇచ్చారు. నా లెక్కలో ఆ రాష్ట్రాలు ఆడవాళ్ళకి చేసిన పెద్ద మేళ్ళలో అదొకటి. పట్టా ఆమె పేరునున్నా ఇంట్లోంచి వెళ్ళేది ఆమే కాకుండా చూడటం మిగిలింది.

చివరగా అమెరికాలో ఉన్న మన సంఘాల పెద్దలకు ఒక విన్నపం. మహాసభల్లో నగల స్టాళ్ళ వరసలో ఒక్క బల్ల ఖాళీగా ఉంచండి. దాని మీద హడ్-5382 ఫారం ఇంగ్లీషులో ఒకటి, దాన్ని తెలుగులో వివరించే కాగితం ఒకటి, గృహహింస హాట్‌లైన్ నంబరు 1-800-799-7233 పెట్టించండి. న్యూజెర్సీలో మానవి 1985 నుంచీ ఈ పని చేస్తోంది, మిగతా రాష్ట్రాల్లోనూ ఇలాంటి సంస్థలున్నాయి, పిలిస్తే వాళ్ళే వచ్చి కూర్చుంటారు. విరాళాలిచ్చే చేతులున్నవాళ్ళు కళాశాలలకీ గుళ్ళకీ ఇస్తున్న దాంట్లో కొంత తీసి అద్దె నిధి ఒకటి పెట్టండి; ఒక్కో మనిషికి ఆరు నెలల అద్దె చాలు, ఆమె నిలదొక్కుకుంటుంది. ఇక ఇది చదువుతున్న అమ్మాయిలకు: లీజులో మీ పేరుందో లేదో ఈ రోజే చూసుకోండి. కాపీ ఒకటి ఇంటి బయట, నమ్మకమైనవాళ్ళ దగ్గర ఉంచండి. ఆఫీసు నుంచి రుజువు అడుగుతూ ఉత్తరం వస్తే దాచేయకండి. 14 పని దినాల్లో జవాబు వెళ్ళాలి.